ఒక బల్లికి ఒక గొట్టం

రిజిస్టర్ తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి వెళ్ళిపోయాడు ఆఫీసు గుమాస్తా. చదువుకోమని అనలేదు. రాజకుమారి చదువుతుందని అతనికి తోచి ఉండదు.

ఆమె ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివింది. కూడబలుక్కుంటూనైనా చదువుతుంది. ప్రయోగశాల రిజిస్టర్‌లో చివరి గడిని షేరా అంటారు. చేసిన పని ఎట్లా ఉందో విభాగం పెద్ద రాసే చోటు అది. పందొమ్మిదేళ్ళుగా ఆ గడిలో ఆమె చూసింది 'ఠీక్' అనే ఒక్క మాటే. ఇవాళ నాలుగు వరుసలున్నాయి.

"లాల్‌పేట్ బల్లులు, గొట్టాలు ఒకటి నుంచి నాలుగు. తయారుచేసిన చేతి లోపం వల్ల క్రోమోజోములు పోయాయి. లెక్కకు పనికిరావు. స్లయిడ్లు కడిగి తిరిగి వాడుకోవాలి."

కింద సుదర్శన్ సార్ సంతకం. పక్కన ఆమె పెట్టాల్సిన సంతకానికి ఖాళీ. తయారుచేసిన మనిషి సంతకం లేకుండా ఆ పేజీ యూనివర్సిటీకి పోదు.

రెండోసారి చదివింది. మూడోసారి 'చేతి లోపం' దగ్గరే ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. పెన్ను మూత బిగించి రిజిస్టర్ మీద పెట్టి, లేచింది.

ఆ చెయ్యి ఎటువంటిదో కొంచెం చెప్పుకోవాలి.

రాజురా దాటి తెలంగాణ సరిహద్దు వైపు పోతే తగిలే పత్తి ఊళ్ళలో ఒకదాంట్లో పుట్టిందామె. తండ్రి బాపయ్యకు ఎనిమిదెకరాల నల్లరేగడి, రెండు జతల ఎడ్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిపి. ఎండుటాకు ముక్క అంటకుండా కాయలోంచి పత్తిని మూడు వేళ్ళతో లాగడం ఆరేళ్ళకే వచ్చింది. పద్దెనిమిది నిండాక చంద్రపూర్‌లో, లాల్‌పేట్ బొగ్గుగని క్వార్టర్లలో ఉండే వెంకటికి ఇచ్చి చేశారు. గనిలో ఊరే నీటిని బయటికి తోడే పంపు దగ్గర అతని పని. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తేలే ఆ వాడలో ఇద్దరు పిల్లల్ని పెంచి, వాళ్ళు బడికి పోవడం మొదలయ్యాక కాలేజీలో గాజుసామాను కడిగే పనికి కుదిరింది. జంతుశాస్త్ర విభాగం. పదకొండు నెలలకోసారి కాగితం మారే కాంట్రాక్టు పని.

అప్పటి విభాగం పెద్ద రామనాథం సార్. సన్నటి గాజుగొట్టాలు ఏడాదంతా కడిగినా ఆమె చేతిలో ఒక్కటీ పగలకపోవడం చూసి, ఒకనాడు కడిగే తొట్టి దగ్గర్నుంచి పిలిచి చేతికి డ్రాపర్ ఇచ్చాడు.

బల్లి క్రోమోజోములు చూడాలంటే ముందు దానికి ఒక సూదిమందు ఇస్తారు. అది కణాలను చీలబోయే ఘడియలో ఆపేస్తుంది. క్రోమోజోములు విడివిడిగా పుల్లల్లాగా కనిపించేది అప్పుడే. తర్వాత తొడ ఎముకలోంచి మూలుగ తీసి, పలచటి ఉప్పునీళ్ళలో ఉంచితే కణాలు ఉబ్బుతాయి. ఎక్కువసేపు ఉంచితే పగిలిపోతాయి, తక్కువైతే విచ్చుకోవు. ఆపైన మందులో గట్టిపరచి, చల్లటి గాజుపలక మీదికి పైనుంచి చుక్క వదలాలి. ఆ చుక్క పడి పరుచుకోవడంలోనే ఉంది అంతా. పుస్తకం ఎంత ఎత్తునుంచి వదలాలో చెబుతుంది గాని, చంద్రపూర్ ఎండాకాలం సంగతి చెప్పదు. గాలిలో తడి లేకపోతే చుక్క పరుచుకునే లోపే ఆరిపోయి క్రోమోజోములు ముద్దగా ఉండిపోతాయి. రాజకుమారి కూలర్ తడిగాలి నేరుగా తగిలే చోట పీట వేసుకుంటుంది. చుక్క వదలబోయే ముందు పలక మీద, అద్దం తుడిచేటప్పుడు ఊదినట్టు, నోటి ఆవిరి ఊదుతుంది. వానాకాలంలో ఊదదు. ఇవేవీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాడు చేసుకున్న పలకలే నేర్పాయి.

ఆ రోజుల్లో ఫోటోలోంచి ఒక్కో క్రోమోజోమును గోళ్ళ కత్తెరతో కత్తిరించి, పొడుగును బట్టి జతలు కూర్చి అట్ట మీద అంటించేవాళ్ళు. అదీ ఆమే చేసేది. తొండకు ముప్పై నాలుగు వచ్చేవి. వాటిలో పన్నెండు పెద్దవి, తక్కినవి ఆవగింజలంత. వాళ్ళు చూసే రకం గోడబల్లికి నలభై. ఇది కూడా బల్లిజాతే, అది కూడా బల్లిజాతే, లెక్క ఎందుకు తప్పుతుందని ఒకనాడు అడిగింది. రామనాథం సార్ ఓపిగ్గా చెప్పాడు. ఎప్పుడో ఒకప్పుడు రెండు క్రోమోజోములు కొసలు అతుక్కుని ఒకటవుతాయి, ఇంకెక్కడో ఒకటి విరిగి రెండవుతుంది, లక్షల ఏళ్ళ మీద ఒక్కో జాతి ఒక్కో లెక్క దగ్గర నిలబడుతుంది. లోపలి సరుకు పెద్దగా పోదు, మూటలు కట్టిన తీరే మారుతుంది.

"కాడి గట్టినట్టా సార్?" అన్నదామె. "ఎడ్లు ఇడిగుంటె రెండు. కాడి గడితె ఒక్క కాడి. కాళ్ళు మాత్రం ఎనిమిదే గద."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత ఏ ఏడు పాఠం చెప్పినా తరగతిలోకి ఎడ్లను తోలుకొచ్చేవాడు. ఆ మాట ఎవరిదో పేరు పెట్టి చెప్పేవాడు. పదవీ విరమణ చేసి వర్ధాకు వెళ్ళిపోయాడు.

తర్వాత సుదర్శన్ సార్ వచ్చాడు. గోండ్‌పిప్రిలో మూడు తరాలుగా కిరాణా నడుపుతున్న తెలుగు ఇంటివాడు. అందరితో మరాఠీ, బయటి నుంచి వచ్చినవాళ్ళతో ఇంగ్లీషు. రాజకుమారితో తెలుగు మాట్లాడాడంటే ఆమెతో ఏదో పని పడిందని అర్థం. చెడ్డవాడని అనడానికి లేదు. అన్నీ తొందరగా కావాలి, అంతే.

ఈ పనీ తొందరగానే కావాలనుకున్నాడు. అడవి అంచు ఊళ్ళ గోడబల్లులకూ బొగ్గువాడ గోడబల్లులకూ క్రోమోజోముల్లో తేడా ఉందా అని చూడటం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ప్రతిభ అంశం. కొర్పనా వైపు రైతుల బిడ్డ, ముప్పైకి ఒక ఏడు తక్కువ, నాలుగేళ్ళుగా దీని మీదే ఉంది. అనుమతి కాగితం మీద ముప్పై బల్లులు. అడవి అంచు గోండ్‌పిప్రివి పదిహేను, లాల్‌పేట్‌వి పదిహేను. అంతకు మించి ఒక్కటి పట్టడానికి లేదు. గడువు మే చివరిదాకా.

ఒక బల్లిలో మూలుగ నువ్వుగింజంత కూడా ఉండదు. అందుకని మూడేసి బల్లుల మూలుగ ఒకే గొట్టంలో కలపమన్నాడు సార్. ముప్పై గొట్టాల పని పదింటితో అయిపోతుంది. కలిపితే ఏది దేనిదో ఎట్లా తెలుస్తుందని రాజకుమారి అడిగింది.

"అన్నీ ఒక్క జాతియే రాజుబాయీ," అన్నాడు తెలుగులో. "మూడు బస్తాల బియ్యం ఒక్కకాడ పోస్తె బియ్యమే గద."

ఆమె తల ఊపింది. కలిపింది. ఇప్పుడు రిజిస్టర్ ముందు నిలబడ్డప్పుడు సార్ రాసిన రాత ఎంత మండించిందో, ఆనాడు తను ఊపిన ఆ తల అంతకు రెట్టింపు మండించింది.

గోండ్‌పిప్రి గొట్టాలు అయిదింటిలోనూ ప్రతి కణంలో నలభై వచ్చాయి. లాల్‌పేట్ గొట్టాలు నాలుగు అయ్యాయి. వాటిలో ఒక కణంలో నలభై, పక్కదాంట్లో ముప్పై తొమ్మిది, ఇంకోదాంట్లో ముప్పై ఎనిమిది. చుక్క మరీ గట్టిగా పడితే కణం చిట్లి ఒకటీ అరా క్రోమోజోము దూరంగా కొట్టుకుపోవడం ఈ పనిలో ఉన్నదే. సార్ అదే అనుకున్నాడు. అనుకోవడానికి ఒక రోజు కూడా తీసుకోలేదు.

రాజకుమారి నేరుగా ప్రతిభ బల్ల దగ్గరికి పోయి, లాల్‌పేట్ ఫోటోలు అచ్చు తీసి ఇమ్మంది. ఆమెను పిన్ని వరసన మౌశీ అని పిలిచే ప్రతిభ, కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అనబోయి, ఆమె మొహం చూసి ఆరు ఫోటోలు తీసి ఇచ్చింది.

కత్తెర కోసం సొరుగులన్నీ లాగింది. చాలా ఏళ్ళయింది ఆ పని చేసి. ముందు ముప్పై ఎనిమిది వచ్చిన కణం తీసుకుంది. ఒక్కో పుల్లా కత్తిరించి, పొడుగువారీగా పేర్చింది. ఈ రకం బల్లికి క్రోమోజోము ముడి ఒక కొసన ఉంటుంది, అక్కడినుంచి ఒకే భుజం చాపుకుని ఉంటుంది. ముప్పై ఆరు అట్లాగే ఉన్నాయి. మిగిలిన రెండూ తక్కినవాటికంటే పెద్దవి. ముడి వాటి నడుమ ఉంది, అటో భుజం, ఇటో భుజం. ముప్పై తొమ్మిది వచ్చిన కణంలో అటువంటిది ఒక్కటే ఉంది. ఆరు ఫోటోలూ కత్తిరించింది. భుజాలు లెక్కపెడితే ప్రతిదాంట్లో నలభై.

"నా చేతుల నుంచి జారిపోతె భుజం గూడ పోవాలె," అంది. "ఏ భుజం పోయిందో జూపియ్యి."

ప్రతిభ అట్టముక్క మీదికి వంగి తను కూడా లెక్కపెట్టింది. తర్వాత కుర్చీలో కూలబడింది. ఇది జారిపోవడం కాదు, రెండు కలిసి ఒకటవడమే అని మెల్లగా ఒప్పుకుంది. నలభై ఉన్న బల్లులు, ముప్పై ఎనిమిది ఉన్న బల్లులు, వాటి రెండింటికీ పుట్టిన ముప్పై తొమ్మిదివి, మూడు రకాలూ లాల్‌పేట్ గోడల మీద కలిసి బతుకుతూ ఉండొచ్చు. లెక్క మారడం అనేది కళ్ళముందే జరుగుతూ ఉండొచ్చు. కాని అది రుజువు కాదు. ఒక్కో గొట్టంలో మూడు బల్లులు కలిసిపోయాయి. ఏ కణం ఏ బల్లిదో దేవుడు కూడా విడదీయలేడు.

"నేను అడగలేదా ఆనాడు?" అంది రాజకుమారి. ప్రతిభ తల దించుకుంది. ఆనాడు ఆమె కూడా అక్కడే ఉంది, ఏమీ అనలేదు.

ఇద్దరూ సార్ గదిలోకి పోయారు. ఆయన అట్టముక్క వైపు చూసి పక్కకు జరిపాడు. ఈ రకానికి నలభై అని ముప్పై ఏళ్ళ నుంచి పుస్తకాల్లో ఉందని, ఒక అటెండెంట్ కత్తిరించిన కాగితాలతో అది మారదని మరాఠీలో చెప్పాడు. కంప్యూటర్ కూడా ఆ కణాలను తప్పు కిందే తీసేసిందన్నాడు. ప్రతిభ థీసిస్‌కు గోండ్‌పిప్రి లెక్కలు చాలు, లాల్‌పేట్ వదిలెయ్యొచ్చు.

రాజకుమారి తెలుగులోనే జవాబు చెప్పింది. "పుస్తకం రాసినాయన లాల్‌పేటకు ఎన్నడన్న వచ్చిండా సార్? మా గోడ మీది బల్లిని జూసిండా?"

"రాజుబాయీ, సంతకం వెట్టు. పని ముందల్కి నడవాలె."

"తప్పు నా చేతిదైతె వెడ్త. నా చేతిది గాదు."

ఆయన గొంతు పెంచలేదు. అల్మరా మీద దుమ్ము ఉందని చెప్పినట్టు చెప్పాడు. జూన్‌లో కాంట్రాక్టు కాగితం మీద తనే రాయాలి. సంతకం పెట్టని మనిషి గురించి ఏం రాయాలో ఆమే ఆలోచించుకోవాలి. మ్యూజియం గదిలో సీసాలు తుడవడానికి మనిషి లేక ఆర్నెల్లయింది. ఈ మాటలు చెప్పి, రేపటినుంచి రెండు రోజులు నాగపూర్‌లో ఉంటానని, తిరిగొచ్చేసరికి సంతకం ఉండాలని ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలుకంటే ఎక్కువ చప్పుడు చేశాయి. వెంకటి గుమ్మంలో కూర్చుని సంగతంతా విన్నాడు.

"నలభై ఉన్నయో, ముప్పై తొమ్మిది ఉన్నయో, బల్లికి లేని రంధి నీకెందుకే?" అన్నాడు.

"నువ్వు పంపు దగ్గర నిద్రవోయినవు, అందుకే గని మునిగిందని రాసి, దాని కింద సంతకం వెట్టుమంటె వెడ్తవా?"

ముప్పై ఏళ్ళలో ఆ పంపు దగ్గర వెంకటి కునుకు తీసిన రోజు లేదు. "ఎవడు రాస్తడు గట్ల?" అన్నాడు, తనమీదే ఎవరో రాసినట్టు. తర్వాత లేచి స్టూలు తెచ్చి గోడ దగ్గర వేశాడు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. పట్టుకోగలిగినవి ఇంకా మూడు బల్లులున్నాయి.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు ప్రతిభ లాల్‌పేట్ వచ్చింది. అనుమతి కాగితంలో తన పేరు కూడా ఉంది కాబట్టి మిగిలిన మూడింటినీ పూర్తిచేస్తున్నానని సార్‌కు ఫోన్‌లో రాసి పంపింది. ఎలా చేస్తున్నదీ రాయలేదు. ఆయన మీటింగ్‌లోంచే బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు. "చదివిండో లేదో," అంది ప్రతిభ. నవ్వే ప్రయత్నం చేసింది. ఆమె నాలుగేళ్ళ చదువు ఆయన చేతిలో ఉంది.

ట్యూబులైటు వెలిగిన అయిదు నిమిషాలకు బల్లులు బయటికి వచ్చాయి. ఒకటి వాళ్ళ ఇంట్లోనే దొరికింది. రెండోది పక్కింటి రాజమ్మ వంటగదిలో. దేవుడి గూటి దగ్గరి బల్లి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు రాజమ్మ. అది మాటకు సాక్షి పలికే బల్లి అంది. "పొయ్యికాడిది కావాల్నంటె తీస్కపో. అది ఒట్టి తిండిపోతు." మూడోది వీధి చివర, పాత క్వార్టర్ గోడ మీద వెంకటి పట్టాడు. పట్టుకునేసరికి దాని తోక ఊడి కింద పడి కొట్టుకుంది. మూడు డబ్బాలకు మూడు దారాలు కట్టింది రాజకుమారి. ఎరుపు, తెలుపు, నలుపు. ఏ దారం ఏ గోడదో ప్రతిభకు చెప్పలేదు. చూసే కన్నుకు ముందే తెలిస్తే అది కావలసిందే చూస్తుందని ఆమెకు తెలుసు.

మరుసటి పొద్దున మొదలుపెట్టారు. ఒక బల్లికి ఒక గొట్టం. మూలుగ కంటికి ఆనడమే కష్టం, అందులో సగం గొట్టం గోడకే అంటుకుపోతుంది. అందుకే రాజకుమారి అంతకుముందెన్నడూ లేనంత నిదానంగా చేసింది. పదకొండున్నరకు చుక్కలు వదిలే దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. కూలర్ ఆగింది. పది నిమిషాలకు గదిలో గాలి పెనం మీద గాలిలాగా అయింది. ప్రతిభ, సాయంత్రం దాకా ఆగుదామా మౌశీ అంది. రాజకుమారి కిటికీ తెర ఊడదీసి, తొట్టిలో ముంచి, పిండకుండానే తన పీట చుట్టూ కుర్చీల మీద వేసింది. ఆ తడి మధ్యలో కూర్చుని ఒక్కో పలక మీద ఆవిరి ఊదుతూ, మోచేయెత్తునుంచి ఒక్కో చుక్క వదిలింది. మెడ మీదుగా చెమట కారి పలక మీద పడకుండా కొంగు మెడకు చుట్టుకుంది. ఒక్కో బల్లికి ఆరు పలకలు. పద్దెనిమిది పలకలకు రెండు గంటలు పట్టింది. అంతసేపూ నోటిలోపల ఏదో నములుతున్నట్టు ఆమె దవడ కదులుతూనే ఉంది.

రంగు వేసి ఆరాక ప్రతిభ మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంది. దారం రంగు చూసి అంకె పలకడమే ఆమె పని, గీతలు పెట్టడం రాజకుమారి పని. తెల్లదారం: నలభై, నలభై, నలభై. యాభై కణాల దాకా అదే. నల్లదారం: ముప్పై ఎనిమిది. నడుమ ముడివి రెండు. యాభై కణాల్లో ఒక్కటి కూడా తేడా రాలేదు. ఎర్రదారం దగ్గర ప్రతిభ గొంతు మారింది. ముప్పై తొమ్మిది. మళ్ళీ ముప్పై తొమ్మిది. నడుమ ముడిది ఒక్కటే, ప్రతి కణంలో. చివరి గీత పెట్టాక రాజకుమారి పెన్సిల్ కింద పెట్టింది.

ప్రతిభ ఆమెను వాటేసుకుంది. రాజకుమారి కదలలేదు. ఆమెకు సంతోషం రాలేదు. మూడు బల్లులతో తేలింది ఇది. అంతకుముందు పన్నెండింటిని తన చేత్తోనే చంపి, తన చేత్తోనే కలిపి, ఎందుకూ పనికిరాకుండా చేసింది. వాటిలో ఎన్ని ముప్పై తొమ్మిదివి ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు. పన్నెండు ప్రాణాలు మూడు బస్తాల బియ్యం అయ్యాయి.

సోమవారం సుదర్శన్ సార్ వచ్చాడు. ప్రతిభ ఫోటోలు ఆయన ముందు పరిచింది. మొదట మొహం ముడుచుకున్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి ఒక్కో ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత లేచి తనే మైక్రోస్కోప్ దగ్గరికి పోయాడు. అరగంట తర్వాత వచ్చి, రాజకుమారిని పిలిపించి కుర్చీ చూపించాడు. పందొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. తెలుగు మాట్లాడాడు.

"నీది బంగారమసుంటి చెయ్యి రాజుబాయీ. నేను తొందరపడ్డ."

తెలుగు ఇంకా అయిపోలేదని ఆమెకు తెలుసు.

ఆయన కొత్త పేజీ తీశాడు. పాతది చించేద్దామన్నాడు, షేరా కూడా దానితోనే పోతుంది. కొత్త పేజీలో లాల్‌పేట్ బల్లులు పదిహేనూ ఒక్కోటీ ఒక్కో గొట్టంలో చేసినట్టు రాద్దాం. మూడంటే కమిటీ లెక్కచెయ్యదు, పదిహేనంటే చేస్తుంది. పాత గొట్టాల్లోనూ ఈ మూడు అంకెలే వచ్చాయి కదా, వాటిని పంచి రాస్తే సరిపోతుంది. పేజీ మధ్యాహ్నం యూనివర్సిటీకి పోవాలి. ఆమె కింద సంతకం పెడితే చాలు.

రాజకుమారి కొత్త పేజీ వైపు చూడలేదు.

"ఆ పన్నెండిట్ల ముప్పై తొమ్మిదియి ఎన్ని సార్?"

"అది... అందాజగ రాస్తం."

"మొన్న నా చెయ్యి తప్పన్నది అందాజగనే. ఇయ్యాల పన్నెండు బల్లులు గూడ అందాజగనే." ఆమె గొంతు పైకి లేవలేదు గాని గుమ్మం దగ్గర గుమాస్తా ఆగిపోయాడు. "మూడిటికి సంతకం వెడ్త. నేను జేసినయి మూడే. పాత పేజీ చింపద్దు. దాని మీద నా చేతి లోపమని రాసింది మీరే కొట్టెయ్యాలె. మూడు బల్లులను ఒక గొట్టంల కలుపుమన్నది ఎవరో, అది గూడ మీ చేత్తోనే రాయాలె. గప్పుడే నా సంతకం."

సార్ ప్రతిభ వైపు తిరిగాడు. ఆమెకు చెప్పు అన్నట్టు చూశాడు. ప్రతిభ మరాఠీలో, చాలా మర్యాదగా, తన థీసిస్‌లో మూడే రాస్తానని, కలిపిన పన్నెండింటిని కలిపినట్టే రాస్తానని చెప్పింది. చెప్పి కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

సార్ పాత పేజీ దగ్గరికి లాక్కున్నాడు. షేరా మీద అడ్డంగా ఒక గీత గీశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. కింద ఒక వరుస రాశాడు. రాజకుమారి రిజిస్టర్ తనవైపు తిప్పుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మూడేసి బల్లుల మూలుగ ఒకే గొట్టంలో కలపడం విభాగాధిపతి సూచన మేరకు జరిగింది. తేదీ. సంతకం. అప్పుడు ఆమె మూడు గొట్టాలకు ఎదురుగా తన పేరు రాసింది, రాజకుమారి వెంకటి, నింపాదిగా.

సార్ రిజిస్టర్ మూశాడు. రేపటినుంచి మ్యూజియం గదిలో పని అని చెప్పాడు. ఆ మాట మరాఠీలో చెప్పాడు.

జూన్‌లో కాంట్రాక్టు కాగితం పదకొండు నెలలకు బదులు ఆరు నెలలకే వచ్చింది. మ్యూజియం గదిలో సీసాల్లో పాములు, ఎండిన తాబేలు చిప్పలు, ఎలుక కొరికిన గబ్బిలం. రాజకుమారి వాటిని తుడుస్తూనే ఉంది. కోపం తగ్గిందా అని వెంకటి వారానికోసారి అడిగేవాడు. తగ్గలేదని చెప్పేది. ఎందుకు తగ్గాలి?

ఆగస్టులో లాల్‌పేట్ నుంచి ఇంకో పదిహేను బల్లులకు అనుమతి వచ్చింది. మూడు బల్లుల మాట విని పైవాళ్ళే మరిన్ని చూడమన్నారట. మొదటి రెండింటికీ ప్రతిభ తనే చుక్కలు వదిలింది. వానాకాలంలో ఊదకూడదని తెలియక ఆవిరి ఊదింది. పలకలన్నీ మడుగులు కట్టాయి. మూడోనాడు మ్యూజియం గది గుమ్మంలోకి వచ్చి, సార్ రమ్మంటున్నారని చెప్పింది.

"ఎవరితోని చెప్పి పంపిండు?"

"నాతోనే, మౌశీ. నోటితో చెప్పిన్రు."

"నోటి మాట మీద నాలుగు గొట్టాలు పాడైనయి. రాసియ్యుమను."

మర్నాడు కాగితం వచ్చింది, టైపు చేసి, ముద్ర వేసి. రాజకుమారి చేతిలో గుడ్డ పక్కన పెట్టి, కిటికీ వెలుగులోకి తెచ్చుకుని చదివింది. ప్రయోగశాల పనికి తిరిగి నియమించడమైనది అని ఉంది. స్లయిడ్ల తయారీ అని ఉంది. సహకరించవలెను అని ఉంది. వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు.

"ఒక బల్లికి ఒక గొట్టం అని ఏడ రాసిండు?"

ప్రతిభ కాగితం తీసుకుని తను కూడా చదివింది. ఆ వరుస లేదు. పక్క గదిలో అప్పటికే రెండు బల్లులకు సూదిమందు ఇచ్చి ఉంది. ఇంకో గంటలో మూలుగ తీయాలి, లేకపోతే అవీ వృథా. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది.

"ఆ గంట సంగతి నాక్కూడ ఎర్కనే," అంది రాజకుమారి. "సార్‌కు గూడ ఎర్క గావాలె. ఉర్కు."

ప్రతిభ కాగితం పట్టుకుని వరండాలో పరిగెత్తింది. రాజకుమారి చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మ్యూజియం గది తలుపు దగ్గరికి వేసి, గుమ్మంలో నిలబడింది. వెనక్కి లోపలికీ పోలేదు, ప్రయోగశాల వైపూ కదల్లేదు.